జాతీయ ఉద్యానవనాలలో ఇంటర్న్‌షిప్: డబ్బు కట్టే ముందు అనుమతి కాగితం చూడండి

మా వీధిలో ఒక అమ్మాయి బి.ఎస్సీ. జువాలజీ రెండో సంవత్సరం చదువుతోంది. తండ్రి ఆటో నడుపుతారు. ఆ అమ్మాయి క్రిందటి వేసవిలో ఒక సంస్థకు పద్దెనిమిది వేలు కట్టి, ఒక జాతీయ ఉద్యానవనంలో ఇంటర్న్‌షిప్‌కని వెళ్ళింది. మూడు వారాలు టూరిస్టు జీపులో తిరిగి, ఒక రంగుల సర్టిఫికెట్‌తో తిరిగి వచ్చింది. అక్కడ పరిశోధన చేసే అనుమతి ఆ సంస్థకు లేనే లేదని తరువాత తెలిసింది. ఇలాంటి నష్టం మన పిల్లలకు మరొకరికి జరగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్ ప్రకారం, అభయారణ్యంలో అధ్యయనం లేదా పరిశోధన కోసం ప్రవేశించాలంటే ఆ రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గారు అనుమతి ఇవ్వాలి. 35వ సెక్షన్ ద్వారా ఇదే నియమం జాతీయ ఉద్యానవనాలకూ వర్తిస్తుంది. టూరిస్టు టికెట్టు వేరు, పరిశోధన అనుమతి వేరు.

నిజమైన పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. బ్యాంకులో స్పెసిమెన్ సంతకం లాంటివే అవి. ఒకే పులికి కుడి ప్రక్క చారలు వేరు, ఎడమ ప్రక్క చారలు వేరు. అందుకే అడవి దారికి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు అమర్చి, వచ్చిన ఫోటోలను ఒకదానితో ఒకటి పోల్చి లెక్క కడతారు. 2006 నుంచి నాలుగేళ్ళకొకసారి జరుగుతున్న దేశవ్యాప్త అంచనాలో 2022లో తేలిన సంఖ్య 3,682. పరిశోధన ప్రాజెక్టులలో చేరిన విద్యార్థులు ఫోటోలు విడదీయడం, తెల్లవారుజామున తిన్నని దారి వెంట నడిచి జింకలను లెక్కించడం, పట్టికలు నింపడం వంటి పనులు చేస్తారు. ఇందులో ఓపిక కావాలి, రాసే అంకెలో నిజాయితీ కావాలి.

వన్యప్రాణి శాస్త్రం చదివినవారికే ఈ దారి అనుకోనక్కరలేదు. కర్ణాటకలోని నాగరహోళెలో 1990ల తొలినాళ్ళలో ఈ కెమెరా పద్ధతితో పులులను లెక్కించిన డాక్టర్ ఉల్లాస్ కారంత్ గారు మొదట చదివింది మెకానికల్ ఇంజనీరింగ్.

బ్యాంకులో చెక్కు పాస్ చేసే ముందు తేదీ, మొత్తం, సంతకం చూసేవాళ్ళం. ఇక్కడ కూడా చూడవలసినవి మూడు ఉన్నాయి.

1. అనుమతి పత్రం నకలు. అందులో ఉద్యానవనం పేరు, కాలపరిమితి, ప్రాజెక్టు పేరు ఉండాలి. మీ అబ్బాయి లేదా అమ్మాయి పేరు అందులో ఎలా చేరుతుందో అడగండి. అనుమానముంటే అటవీశాఖ కార్యాలయంలో విచారించండి.

2. పని నేర్పే శాస్త్రవేత్త ఎవరు, ఏ విశ్వవిద్యాలయం లేదా సంస్థకు చెందినవారు. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ వంటి ప్రభుత్వ సంస్థల ప్రకటనలను వాటి సొంత వెబ్‌సైట్‌లోనే చూడండి.

3. భోజనం, బస, ప్రయాణం, బీమా ఎవరి ఖర్చు. ఇవన్నీ ఉత్తరంలో రాసి ఉండాలి. నోటి మాట చాలదు. చాలా ఇంటర్న్‌షిప్‌లలో జీతం ఉండదు కాబట్టి ఇంటి నుంచి ఎంత పెట్టవలసి వస్తుందో ముందే లెక్క వేసుకోండి. అమ్మాయిలను పంపే తల్లిదండ్రులు బస ఎక్కడ, తోడు ఎవరు, ఆసుపత్రి ఎంత దూరం అని మొహమాటపడకుండా అడగాలి.

దూరం పంపే స్తోమత లేదని బాధపడకండి. చెన్నైలో 1988 నుంచి విద్యార్థుల బృందమొకటి తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో రాత్రిపూట సముద్రతీరం వెంట నడిచి ఆలివ్ రిడ్లీ గుడ్లను కాపాడుతోంది. యానాం వారికి కోరింగ మడ అడవులు దగ్గరే. కాలేజీ అధ్యాపకుల ద్వారా ఊరి చెరువు పక్షులను ఏడాదిపాటు లెక్కించి నోటుపుస్తకంలో రాసినా, రేపు దరఖాస్తుతో జతపరచడానికి అది రంగుల సర్టిఫికెట్ కన్నా ఎక్కువ పనికొస్తుంది.

పిల్లలు అడవికి వెళ్తామంటే వద్దనకండి. ముందు అనుమతి కాగితం చూపించమనండి.