మీకు తెలుసా? యుద్ధం ఎరుగని కోట

హైదరాబాదులోని దిల్‌సుఖ్‌నగర్‌కు ఆనుకొని ఉన్న మూసారాంబాగ్ గుట్టపై నిలిచిన ఆస్మాన్‌గఢ్, చూపరులకు మధ్యయుగపు ఐరోపా కోటలా కనిపించినప్పటికీ, శత్రువును ఎదుర్కోవడానికి కాక విలాసం కోసం 1885లో కట్టించుకున్న రాజప్రాసాదం. నిజాంల తరువాత అంతటి హోదా గల పాయిగా వంశానికి చెంది, 1887 నుంచి 1894 వరకు హైదరాబాదు రాజ్య దివాన్‌గా, అంటే ప్రధానమంత్రిగా, పనిచేసిన సర్ ఆస్మాన్ జా దీని నిర్మాత. బురుజులు, కోసుగా తీరిన గోథిక్ తోరణాలు ఇందులో అలంకారానికే.

అసలైన సైనికుడు మాత్రం పక్కనే ఉన్నాడు. నిజాం రెండవ అసఫ్ జా కొలువులో ఫ్రెంచి పద్ధతిలో సేనలను తీర్చిదిద్ది, 1798 మార్చి 25న మరణించిన జనరల్ రేమండ్ సమాధిని, పైకి పోయేకొద్దీ సన్నబడే నల్లరాతి స్తంభం రూపంలో, ఈ గుట్టపైనే నిర్మించారు. దాని చెంతనున్న స్తంభాల మంటపం 2001లో కూలిపోగా, తరువాత పునర్నిర్మించారు.

మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో మార్గంలో మూసారాంబాగ్ స్టేషన్ వద్ద దిగితే రెండూ దగ్గరే; అయితే ఆస్మాన్‌గఢ్‌లో పాఠశాల నడుస్తున్నందున, లోపలికి వెళ్ళదలచినవారు ముందుగా అనుమతి తీసుకోవాలి.