వానలో కారు ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు: ఇంజన్‌లోకి నీళ్లు ఎలా వస్తాయి, ఎలా ఆపుకోవాలి

అబిడ్స్‌లో గంటసేపు గట్టిగా వాన కొట్టిందంటే జీపీఓ సర్కిల్ నుంచి నాంపల్లి స్టేషన్ రోడ్డు దాకా బండ్లు కదలవు. ఆ జామ్‌లో, మోకాలి లోతు నీళ్లలో ఒక కారు బంద్ పడుతుంది. డ్రైవర్ సెల్ఫ్ కొడతాడు, స్టార్ట్ కాదు. వెనక నుంచి హారన్లు. మళ్లీ కొడతాడు. మూడోసారికి లోపల ‘టక్’ మని చప్పుడు వస్తుంది. అంతవరకు ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆరబెడితే తేలిపోయే పని ఆ చప్పుడుతో ఇంజన్ విప్పే దాకా పోతుంది. చిన్న కారుకైనా అప్పుడు బిల్లు లక్షకు దగ్గర పడొచ్చు. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటే, ఆ లక్ష ఇన్సూరెన్స్‌లో రాకపోవచ్చు కూడా.

మన నగరానికి ఇది కొత్త కాదు. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబర్ 13న 24 గంటల్లో 19 సెంటీమీటర్లకు పైగా పడింది. టోలిచౌకి నదీమ్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ లాంటి బస్తీల్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి, ఓల్డ్ సిటీలో కార్లు వరదలో కొట్టుకుపోతున్న వీడియోలు అందరి ఫోన్లలో తిరిగాయి. 2025 సెప్టెంబర్ 26 రాత్రి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తడంతో మూసీ పొంగింది. అబిడ్స్‌కు దగ్గర్లోనే ఉన్న ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఇలాంటి పెద్ద వరదలు ఎప్పుడో గానీ రావు. మన బండ్లను పాడుచేసేవి ఎక్కువగా చిన్న వానలు, చిన్న లీకులే.

‘ఇంజన్ పానీ పీ గయా’ అంటే ఏమిటి?

మెకానిక్‌లు వాడే ఈ మాట అక్షరాలా నిజం. ఇంజన్ గాలి పీల్చుకుంటుంది. సిలిండర్‌లో పిస్టన్ పైకి వచ్చి ఆ గాలిని నొక్కుతుంది. పెట్రోల్ బండిలో సుమారు పదో వంతుకు, డీజిల్ బండిలో పదహారో వంతుకు కుదిస్తుంది. గాలి కాబట్టి కుదురుతుంది. నీళ్లను కుదించలేం. గాలితోపాటు ఒక్క గ్లాసు నీళ్లు సిలిండర్‌లోకి పోయినా, పైకి వచ్చే పిస్టన్ రాయికి కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. కింద నుంచి తోసే బలం ఆగదు కాబట్టి మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఒక్కోసారి విరిగి ఇంజన్ బ్లాక్‌నే చీల్చుకుని బయటికి వస్తుంది. డీజిల్‌లో నొక్కుడు ఎక్కువ కాబట్టి నష్టమూ ఎక్కువే.

మరి నీళ్లు లోపలికి పోయే దారి ఏది? చాలామంది సైలెన్సర్ అనుకుంటారు. ఇంజన్ నడుస్తున్నంతసేపు సైలెన్సర్ పొగను బయటికి నెడుతూనే ఉంటుంది, అటు నుంచి నీళ్లు రావడం కష్టం. అసలు దారి ముందు వైపు ఉంటుంది. గాలి పీల్చే గొట్టం నోరు కొన్ని కార్లలో గ్రిల్ వెనక పైన ఉంటుంది, కొన్నింటిలో ముందు చక్రం గూటి దగ్గర కిందికి ఉంటుంది. మీ బండికి ఎక్కడుందో వానాకాలం రాకముందే బోనెట్ ఎత్తించి మెకానిక్‌తో చూపించుకోండి. ఆ ఎత్తే మీ బండికి హద్దు. అది తెలియనప్పుడు నీళ్లు చక్రం మధ్య భాగం దాటితే దిగొద్దు అని పెట్టుకుంటే చాలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నీళ్లు చక్రం మధ్యకే ఉన్నా, పక్క నుంచి ఆర్టీసీ బస్సు వెళ్తే వచ్చే అల బోనెట్ దాకా లేస్తుంది. మీరు స్పీడుగా పోయినా అంతే, మీ బండి లేపిన అలను మీ ఇంజనే తాగుతుంది. అందుకే ఫస్ట్ గేర్‌లో, ఒకే వేగంతో, మెల్లగా పోవాలి. మధ్యలో యాక్సిలరేటర్ వదలకూడదు. కొత్త కార్లలో సిగ్నల్ దగ్గర ఆగగానే ఇంజన్ దానంతటదే ఆఫ్ అయి, కదలగానే మళ్లీ స్టార్ట్ అయ్యే సౌకర్యం ఉంటోంది. పెట్రోల్ మిగిలే మాట నిజమే గానీ నీళ్లలో అది ప్రమాదం. డ్యాష్‌బోర్డు మీద దాని బటన్ ఎక్కడుందో చూసుకుని, వాన మొదలవగానే ఆఫ్ చేసుకోవాలి.

ఇక బండి నీళ్లలో ఆగిపోతే? తాళం చెవి గానీ, పుష్ బటన్ గానీ ముట్టుకోవద్దు. ‘ఒక్కసారి చూద్దాం’ అనేదే ఇంజన్‌ను చంపుతుంది. న్యూట్రల్‌లో పెట్టి పక్కకు తోయించండి. మనుషులను, ముఖ్యంగా పిల్లలను, పెద్దవాళ్లను ముందు దింపండి. నీళ్లు తగ్గాక బ్యాటరీ నెగటివ్ వైరు తీయించి, చక్రాలు నేలకు తగలకుండా బండిని పూర్తిగా పైకెక్కించుకునే టోయింగ్ వాహనంలో పంపడం మంచిది. గేర్ వేసి తోసి స్టార్ట్ చేయడం కూడా సెల్ఫ్ కొట్టడంతో సమానమే.

షెడ్డుకు వెళ్లాక మెకానిక్ ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. అది పొడిగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. తడిగా ఉంటే స్పార్క్ ప్లగ్‌లు, డీజిల్ అయితే ఇంజెక్టర్లు లేదా గ్లో ప్లగ్‌లు తీసి, చేత్తో ఇంజన్ తిప్పి నీళ్లు బయటికి పంపాలి. తర్వాత ఆయిల్ గేజ్ లాగి చూడాలి. ఆయిల్ ఇరానీ చాయ్ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిసినట్టే. ఆ ఆయిల్‌తో ఒక్క నిమిషం కూడా ఇంజన్ నడపకూడదు. ఇవేవీ చూడకుండా ‘ఏం కాదు భాయ్’ అంటూ సెల్ఫ్ కొట్టబోయే మెకానిక్ చేతి నుంచి తాళం వెనక్కి తీసుకోవడమే మేలు.

సెల్లార్ కథ

అబిడ్స్, నాంపల్లిలో షాపింగ్‌కు వచ్చే కుటుంబాలకు రోడ్డు కంటే సెల్లార్ పార్కింగ్‌తోనే ఎక్కువ భయం. సెల్లార్ అంటే రోడ్డు మీది నీళ్లకు చివరి గుంట. ర్యాంప్ మొదట్లో రోడ్డు కంటే ఎత్తుగా ఒక దిబ్బ లేకపోతే వాన నీళ్లన్నీ నేరుగా కిందికే వస్తాయి. పంపు ఉన్నా కరెంటు పోతే పని చేయదు. మబ్బు పట్టిన రోజు సెల్లార్‌లో పెట్టే ముందు రెండు చూపులు చూడండి, ర్యాంప్ దగ్గర దిబ్బ ఉందా, గోడ మీద పాత నీటి మరక ఎంత ఎత్తులో ఉంది. ఆ మరక అబద్ధం చెప్పదు. అనుమానం ఉంటే మెట్రోలో రావడం మేలు, నాంపల్లి, గాంధీ భవన్ స్టేషన్లు రెండూ దగ్గరే. నిండుతున్న సెల్లార్‌లోకి బండి కోసం దిగడం మాత్రం అస్సలు వద్దు. బండి పోతే బండే పోతుంది.

ఆకులు చేసే నష్టం

వరద లేకుండానే నీళ్లు లోపలికి చేరే దారి ఇంకోటి ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వైపర్ల కింద, ముందు అద్దం అడుగున ఒక ప్లాస్టిక్ జాలీ ఉంటుంది. అద్దం మీద పడిన వాన అందులోకి దిగి, రెండు పక్కల ఉన్న చిన్న రంధ్రాల గుండా కిందికి పోవాలి. చెట్టు నీడ చూసి బండి పెడతాం, పబ్లిక్ గార్డెన్స్ పక్కన గానీ, దర్గా యూసుఫైన్ దారిలో గానీ. వేపాకులు, రావి ఆకులు రాలి ఆ జాలీలో చేరి, కుళ్లి, రంధ్రాలను మూసేస్తాయి. అప్పుడు జాలీ కింద తొట్టిలా నీళ్లు నిలుస్తాయి. నిలిచిన నీళ్లు ఏసీ బ్లోయర్‌లోకి, అక్కడి నుంచి డ్యాష్‌బోర్డు కింద ఉన్న ఫ్యూజ్ బాక్సులోకి దిగుతాయి. కొన్ని కార్లలో ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఆ దగ్గర్లోనే ఉంటుంది. దాని కనెక్టర్లలో తుప్పు పట్టిందంటే బండి ఒకరోజు నడుస్తుంది, ఒకరోజు నడవదు. మెకానిక్‌కు కారణం దొరకదు, మీకు ఖర్చు ఆగదు.

ఆపుకోవడానికి పైసా ఖర్చు లేదు. నెలకోసారి బోనెట్ ఎత్తి చేత్తో ఆకులు ఏరి, ఒక చెంబు నీళ్లు పోసి చూడాలి. నీళ్లు ముందు చక్రాల వెనక నుంచి కింద పడుతుంటే దారి బాగున్నట్టే. అలాగే బోనెట్ అంచు రబ్బరు చిరిగిందేమో చూడండి. కొత్త స్టీరియో, హారన్, లైట్లు పెట్టించినప్పుడు వైర్ల కోసం ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులో రంధ్రం చేస్తారు. దానికి రబ్బరు బుష్ వేయించుకోకపోతే అది శాశ్వతంగా ఒక లీకు.

వాటర్ వాష్ సంగతి కూడా చెప్పుకోవాలి. బోనెట్ ఎత్తి ప్రెషర్ గన్‌తో ఇంజన్ మీద కొట్టిస్తే మెరుస్తుంది, నిజమే. కానీ స్పార్క్ ప్లగ్‌లు కూర్చునే గుంటల్లో నీళ్లు నిలిచి బండి జర్కులు కొడుతుంది, కాయిల్స్ పాడవుతాయి. ఇంజన్‌కు మెరుపుతో పని లేదు. తడిబట్టతో తుడిస్తే చాలు.

ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉంటే అన్నీ ఒకటే అనుకోవద్దు. వాన తర్వాతే తడిస్తే జాలీ గానీ డోర్ రబ్బరు గానీ అయ్యుంటుంది. ఏసీ వేసినప్పుడే తడిస్తే ఏసీ నీళ్లు పోయే పైపు మూసుకుపోయింది. తడి జిగటగా, తియ్యటి వాసన వస్తుంటే అది కూలెంట్, ఆలస్యం చేయకూడదు.

లోపలి నీళ్లు బయటికి పోతే

బయటి నీళ్లు లోపలికి రావడం ఒక బాధ అయితే, లోపలి కూలెంట్ బయటికి కారిపోవడం ఇంకో బాధ. నాంపల్లి నుంచి మొజంజాహీ మార్కెట్‌కు ఎండాకాలం సాయంత్రం ఫస్ట్ గేర్‌లో పాకుతున్నప్పుడు ఇంజన్‌ను చల్లబరిచేది రేడియేటర్ ఫ్యాన్, కూలెంట్ రెండే. హోస్ పైపు, వాటర్ పంప్, రేడియేటర్ మూత, వీటిలో ఎక్కడ కారినా వేడి ముల్లు పైకి లేస్తుంది. హెడ్ గ్యాస్కెట్ పోయిందంటే కూలెంట్ సిలిండర్‌లోకే దిగి సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంది. వారానికోసారి, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, డబ్బా మీది రెండు గీతల మధ్య కూలెంట్ ఉందో లేదో చూస్తే సగం సమస్య ముందే తెలుస్తుంది. వేడి మీద మూత తీస్తే ముఖం కాలుతుంది. తగ్గినప్పుడు బోరు నీళ్లు పోయొద్దు. మన బోరు నీళ్లలోని ఉప్పు వంటింట్లో గీజర్‌ను ఏం చేస్తుందో రేడియేటర్‌నూ అదే చేస్తుంది. కంపెనీ చెప్పిన కూలెంట్ గానీ, డిస్టిల్డ్ వాటర్ కలిపినది గానీ పోయాలి.

ఇన్సూరెన్స్ లెక్క

థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి మీకు పైసా రాదు. కాంప్రహెన్సివ్ ఉంటే వరద నష్టం కవర్ అవుతుంది. అయితే ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ పోతే, అది వరద నష్టం కాదు, తర్వాత మీ చేతి వల్ల జరిగిన నష్టం అని కంపెనీ అంటుంది. పాలసీలో ఆ మినహాయింపు రాసే ఉంటుంది. దానికోసమే ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉంది. బండి పాతబడితే చాలా కంపెనీలు దాన్ని ఇవ్వవు. కాబట్టి రెన్యువల్ రోజు ఏజెంట్‌ను ‘ఇది ఉందా, షరతులేంటి’ అని కాగితం మీద అడగాలి.

తరుగుదల కూడా చూసుకోవాలి. ఆరేళ్ల కారుకు 65,000 రూపాయల బిల్లు అయిందనుకుందాం, ఇనుప భాగాలు 30,000, ప్లాస్టిక్, రబ్బరు 20,000, కూలి 15,000. ఐదేళ్లు దాటిన కారుకు ఇనుప భాగాల్లో 40 శాతం కోత, అంటే 12,000. ప్లాస్టిక్, రబ్బరులో 50 శాతం, అంటే 10,000. కూలికి కోత లేదు. 1500 సీసీ లోపు బండికి తప్పనిసరిగా మనం భరించాల్సింది ఇంకో 1,000. చేతికి వచ్చేది 42,000. జీరో డెప్రిసియేషన్ కవర్ ఉంటే ఈ 22,000 కోత తప్పుతుంది. పైగా క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. చిన్న ఏసీ బ్లోయర్ రిపేరుకు క్లెయిమ్ వేసే ముందు ఆ రెండూ పక్కపక్కన పెట్టి కూడండి. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కిస్తారు.

నీళ్లలో ఉన్నప్పుడే బండి ఫోటోలు, నీటి మట్టం కనబడేలా, తీసి పెట్టుకోండి. సర్వేయర్ వచ్చే దాకా విప్పించొద్దు. క్లెయిమ్ కొట్టేస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. హైదరాబాద్ ఆఫీసు నాంపల్లికి దగ్గర్లోనే, లకిడికాపూల్ ఏసీ గార్డ్స్‌లో ఉంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు

వరదలో మునిగిన బండ్లు తుడిచి, సెంటు కొట్టి మళ్లీ అమ్మకానికి వస్తాయి. కొనే ముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, చివర బురద గీత ఉందేమో చూడండి. కార్పెట్ ఎత్తి వాసన చూడండి. సీటు కింద బోల్టులకు తుప్పు, హెడ్‌లైట్ లోపల తేమ, ఫ్యూజ్ బాక్సు మూలల్లో సన్న మట్టి, వీటిలో ఏది కనబడినా ధర ఎంత తక్కువైనా వదిలేయండి. పాత పాలసీ నంబరు తీసుకుని, ఓనర్ చేతనే ఇన్సూరెన్స్ కంపెనీని క్లెయిమ్‌ల వివరాలు అడిగించండి. అడగడానికి ఓనర్ వెనకాడితే బయానా ఇవ్వకుండా వచ్చేయండి.