ఇల్లు తాకట్టు పెట్టి యుద్ధం తీశాడు!

సినిమా తీసి ఆస్తి పోగొట్టుకున్నవాళ్ళు మనకు కొత్త కాదు. మద్రాసులో ఒక తరం నిర్మాతల కథలన్నీ ఒకచోట కుప్ప పోస్తే అందులో తాకట్టు కథలు ఎన్నుంటాయో లెక్కలేదు. అంత దూరం పోవడమెందుకు? మా పెద్దమామయ్య 1980ల్లో నాలుగెకరాల మాగాణి అమ్మి ఓ సినిమాలో వాటా పెట్టారు. బొమ్మ మా జిల్లాలో పది రోజులాడింది. పొలం మాత్రం తిరిగి రాలేదు.

ఈ మధ్య ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు, రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని ‘ది అలమో’ చూశాం. 1960లో వచ్చిన హాలీవుడ్ చిత్రం. దాని గురించి రాద్దామని నేను రెండోసారి చూస్తున్నాను. మామయ్యకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా పావుగంట గడిచేసరికి ఒక ప్రశ్న వేశారు.

“ఏరా, ఈ కోట నిజమైనదా, సెట్టా?”

“సెట్టే మామయ్యా.”

“అయితే ఎవరో మునిగారన్నమాట!”

ఒక్క మాటలో అసలు కథంతా చెప్పేశారు. ఆ మునిగిన మనిషి మరెవరో కాదు, కౌబాయ్ చిత్రాలకు రారాజు జాన్ వేన్!

పదమూడు రోజుల ముట్టడి

ముందు చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకుందాం. టెక్సాస్ అప్పట్లో మెక్సికోలో భాగం. అక్కడ స్థిరపడ్డ అమెరికన్లు, వారితో పాటు కొందరు స్థానిక మెక్సికన్లు తిరుగుబాటు లేవదీశారు. శాన్ ఆంటోనియో ఊరి పక్కనున్న పాత క్రైస్తవ మిషన్ పేరు అలమో. తిరుగుబాటుదార్లు దాన్నే కోటగా చేసుకున్నారు. 1836 ఫిబ్రవరి 23న మెక్సికో అధినేత శాంటా అన్నా వేలాది సైన్యంతో వచ్చి దాన్ని చుట్టుముట్టాడు. లోపలున్నవాళ్ళు సుమారు రెండువందల మంది. దళనాయకుడు ట్రావిస్‌కు నిండా ఇరవై ఏడేళ్ళు లేవు. కత్తి పేరుతో ప్రసిద్ధికెక్కిన జిమ్ బోవీ జబ్బుతో మంచం పట్టి ఉన్నాడు. మూడోవాడు డేవీ క్రాకెట్, టెన్నెసీ నుంచి వచ్చిన వేటగాడు, మాజీ పార్లమెంటు సభ్యుడు.

బయటినుంచి చాలినంత సాయం రాలేదు. మార్చి 6న తెల్లవారకముందే ఆఖరి దాడి జరిగింది. పోరాడినవాళ్ళలో దాదాపు అందరూ చనిపోయారు. ఆరు వారాల తర్వాత, ఏప్రిల్ 21న శాన్ జసింటో దగ్గర శామ్ హ్యూస్టన్ దళాలు అలమో పేరు తలచుకుంటూ విరుచుకుపడి శాంటా అన్నాను ఓడించాయి.

‘బొబ్బిలి యుద్ధం’ చూసిన మన ప్రేక్షకుడికి ఇలాంటి కథలో ఉన్న చిక్కు తెలుసు. కోట పడిపోతుందని టికెట్టు కొన్నవాడికి ముందే తెలుసు. తెలిసీ వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాలి. అదీ దర్శకుడికి పరీక్ష.

చిన్న వేషం చాలన్నాడు!

వేన్‌కు ఈ కథమీద మోజు 1940ల నుంచీ ఉంది. తాను పనిచేస్తున్న రిపబ్లిక్ పిక్చర్స్‌లో తీద్దామనుకున్నాడు. ఖర్చు దగ్గర అధినేత హెర్బర్ట్ యేట్స్‌తో పేచీ వచ్చి బయటికి నడిచాడు. ఆ సంస్థ 1955లో అదే కథను ‘ది లాస్ట్ కమాండ్’ పేరుతో తీసేసింది. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు. వేన్ ఊరుకోలేదు. బాట్‌జాక్ అనే సొంత సంస్థ మీద తానే నిర్మాత, తానే దర్శకుడు అయ్యాడు.

నిజానికి అతను క్రాకెట్ వేషం వేద్దామనుకోలేదు. హ్యూస్టన్‌గా రెండు మూడు సీన్లలో కనిపించి, మిగతా కాలమంతా కెమెరా వెనకే ఉందామనుకున్నాడు. కానీ యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ పాతిక లక్షల డాలర్లు ఇస్తామంటూనే, హీరో వేషం నువ్వే కట్టాలని షరతు పెట్టింది. స్టారు మొహం మీద తప్ప అప్పు పుట్టదన్నమాట! ఈ సంగతి ఏ దేశంలోనైనా ఒకటేలా ఉంది. చివరికి హ్యూస్టన్ వేషం రిచర్డ్ బూన్‌కు వెళ్ళింది.

మిగతా పెట్టుబడిలో కొంత టెక్సాస్ ధనవంతులు పెట్టారు. అదీ చాలక వేన్ తన ఇల్లు, ఉన్న ఆస్తులు కుదువబెట్టాడు. లెక్క తేలేసరికి ఖర్చు సుమారు కోటీ ఇరవై లక్షల డాలర్లు. ఆ రోజుల్లో అంత పెట్టుబడితో తీసిన సినిమాలను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

ఆ డబ్బు ఎక్కడికి పోయిందో తెరమీద కనిపిస్తుంది. టెక్సాస్‌లోనే బ్రాకెట్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పశువుల క్షేత్రంలో అలమోను మళ్ళీ కట్టించాడు. అట్టముక్కలకు రంగు పూసి నిలబెట్టిన సెట్టు కాదు. ఎండబెట్టిన మట్టి ఇటుకలు, అవీ పది లక్షలకు పైగా! పని రెండేళ్ళు సాగింది. యూనిట్ వెళ్ళిపోయాక కూడా ఆ కోట పడిపోలేదు. కొన్ని దశాబ్దాల పాటు అక్కడ ఇతర చిత్రాల షూటింగులు జరిగాయి, పర్యాటకులు వచ్చారు.

1959లో షూటింగు జరుగుతుండగా ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. వేన్‌కు గురుతుల్యుడు, మహాదర్శకుడు జాన్ ఫోర్డ్ పిలవకుండానే సెట్టుమీదికొచ్చి సలహాలివ్వడం మొదలుపెట్టాడు. కాదంటే గురువుగారికి కోపం, సరేనంటే దర్శకుడిగా తన పరువు పోతుంది. వేన్ తెలివిగా ఆయనకొక రెండో యూనిట్ అప్పజెప్పి వేరే షాట్లు తీయమన్నాడు. ఆ తీసినదాంట్లో చిత్రంలో మిగిలింది చాలా తక్కువ.

తెరమీద ఏముంది?

ఉన్న మాట చెప్పాలి. మొదటి రెండు గంటలు బండి నెమ్మది. రిపబ్లిక్ అనే మాట వింటేనే గుండె నిండిపోతుందంటూ క్రాకెట్ చేసే ప్రసంగంలో పాత్ర తక్కువ, వేన్ ఎక్కువ. బోవీగా రిచర్డ్ విడ్‌మార్క్, ట్రావిస్‌గా లారెన్స్ హార్వీ ఒకరినొకరు కొరికేట్టు చూసుకునే సీన్లే ఆ భాగాన్ని నిలబెట్టాయి.

ఆఖరి దాడి మొదలయ్యాక మాత్రం కళ్ళు తిప్పుకోలేం. విలియం క్లోథియర్ కెమెరా 70 ఎం.ఎం. తెరంతా సైన్యంతో నింపేసింది. గుర్రాలు అడ్డుకట్టలమీంచి దూకుతాయి, గోడలు ఒక్కొక్కటే చేజారిపోతాయి. ఈటె పోటుతో తలుపుకు గుచ్చుకుపోయిన క్రాకెట్ దాన్ని విడిపించుకుని, కాగడాతో మందుగుండు గదిలోకి పోయి పేల్చేస్తాడు. ఇది సినిమా క్రాకెట్. అసలు క్రాకెట్ ప్రాణాలతో పట్టుబడ్డాడని, తర్వాత చంపారని ఒక మెక్సికన్ అధికారి కథనం ఉంది. చరిత్రకారులు దానిమీద ఇప్పటికీ తగువు పడుతూనే ఉన్నారు.

శత్రువును రాక్షసుడిగా చూపించకపోవడం ఈ చిత్రంలో మెచ్చుకోవలసిన గుణం. మెక్సికన్ సైనికుల ధైర్యాన్ని కోటలోని వాళ్ళే పొగుడుతారు.

నాకు ముల్లులా గుచ్చుకున్నది మరొకటి. బోవీ దగ్గర జెత్రో అనే ముసలి బానిస ఉంటాడు. బోవీ అతనికి విముక్తి ఇస్తే, వెళ్ళకుండా నిలబడి, చివరికి యజమానికి తన ఒళ్ళే అడ్డం పెట్టి చచ్చిపోతాడు. హాల్లో చప్పట్లు పడే సీనే! కానీ మెక్సికో 1829లోనే బానిసత్వం రద్దు చేసింది. టెక్సాస్ వలసదార్ల తగువుల్లో అదీ ఒకటి. 1836లో వాళ్ళు రాసుకున్న కొత్త రాజ్యాంగం బానిసత్వాన్ని కాపాడింది. ట్రావిస్ దగ్గర జో అనే నిజమైన బానిస ఉండేవాడు. అతను అలమోలోంచి బతికి బయటపడి, లోపల జరిగింది చెప్పాడు. తర్వాత ఏడాది యజమానుల దగ్గర్నుంచి పారిపోయాడు. స్వేచ్ఛ గురించి మూడు గంటలు మాట్లాడిన సినిమాలో జోకు చోటు దొరకలేదు. 2004లో వచ్చిన కొత్త ‘ది అలమో’లో అతను కనిపిస్తాడు. అన్నట్టు, ఆ సినిమా కూడా భారీగా నష్టపోయింది!

ఆస్కార్ రభస

1960 అక్టోబరు 24న శాన్ ఆంటోనియోలోనే ఘనంగా విడుదల చేశారు. జనం రాలేదని కాదు. వచ్చారు. వచ్చిన డబ్బు ఖర్చుకు చాలలేదు. మూడు గంటలు దాటిన నిడివిలోంచి అరగంటకు పైగా కోసేశారు.

ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. సహాయనటుడి విభాగంలో నిలబడ్డ చిల్ విల్స్ తరఫున పత్రికల్లో పడిన ప్రకటనలు నవ్వులపాలయ్యాయి. ఓటర్లందరూ తనకు చుట్టాలే అన్నట్టు రాయించాడు. దానికి హాస్యనటుడు గ్రౌచో మార్క్స్, నీకు చుట్టమైనందుకు సంతోషమేగానీ నా ఓటు వేరేవాడికి అని పత్రికలోనే జవాబు వేయించాడు. వేన్ తనకు సంబంధం లేదని ప్రకటించుకోవలసి వచ్చింది. చివరికి చేతికొచ్చింది ఒక్కటే, శబ్దగ్రహణానికి. దిమిత్రి తియోమ్కిన్ సంగీతానికి అదీ దక్కలేదు.

వేన్ తన వాటాను యునైటెడ్ ఆర్టిస్ట్స్‌కే అమ్ముకున్నాడు. తర్వాత టీవీ హక్కులతో, మళ్ళీ విడుదలలతో వచ్చిన లాభం వాళ్ళకే పోయింది. అతను మళ్ళీ వరసగా వేషాలు కట్టి నిలదొక్కుకున్నాడు. 1970లో ‘ట్రూ గ్రిట్’కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. 1979లో కన్నుమూశాడు.

ఇక్కడితో అయిపోలేదు. కోత పడని పూర్తి నిడివి 70 ఎం.ఎం. ప్రింటు ఒకటి 1990ల తొలినాళ్ళలో కెనడాలోని టొరంటోలో బయటపడింది. దాంతో వీడియో డిస్కు విడుదల చేశారు. కానీ తర్వాత ఆ ఫిల్ము పాడైపోతూ వచ్చింది. రంగులు వెలిసిపోతున్నాయి, త్వరగా బాగుచేయకపోతే దక్కదని పాత చిత్రాల నిపుణుడు రాబర్ట్ హారిస్ 2014లో బహిరంగంగా మొరపెట్టుకున్నాడు.

ఇదంతా మామయ్యకు చెప్పాను. దాడికి ముందు రాత్రి సీను నడుస్తోంది. రేపు చావు తప్పదని తెలిసిన మనుషులు చావు గురించే నెమ్మదిగా మాట్లాడుకుంటున్నారు. వెనక సన్నగా తియోమ్కిన్ పాట.

“ఆయన అప్పు తీరిందా?” అని అడిగారు.

“తీరినట్టే.”

“బొమ్మ కూడా దక్కింది. కొంత రంగు పోతే పోయింది.” కాసేపాగి అన్నారు. “మాది నెగెటివే లేదురా. ఎవరిని అడిగినా తెలియదంటారు. ఒక్క ప్రింటు దొరికితే చూసుకుందామని ఉంది.”

నేనేమీ మాట్లాడలేదు. ఆయన రిమోటు నా చేతికిచ్చి, ఆ రాత్రి సీను మళ్ళీ పెట్టమన్నారు.