హితవు

మనిషి ఊహ తెలిసినప్పటి నుంచి ఎవరో ఒకరి మాట వింటూనే పెరుగుతాడు. ఇంట్లో పెద్దలు, బడిలో ఉపాధ్యాయులు, వీధిలో స్నేహితులు ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. కొందరి మాట మనల్ని ఒక మెట్టు ఎక్కిస్తుంది. కొందరి మాట పక్కదారి పట్టిస్తుంది. చెప్పేటప్పుడు మాత్రం రెండూ తియ్యగానే వినిపించవచ్చు. అందుకే ఏది హితమో, ఏది అహితమో గుర్తించడం విద్యార్థికి చాలా అవసరం.

బళ్లారి గాంధీనగర్‌లో ఉండే ఒక బాలుడు పదో తరగతి పరీక్షలో లెక్కల్లో తప్పాడనుకొందాం. "ఇంకా చదువెందుకురా? జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట చేరితే వారం వారం చేతికి డబ్బొస్తుంది. రేపే రా. ఇంట్లో అప్పుడే చెప్పొద్దు" అన్నాడు స్నేహితుడు. "తప్పింది ఒక్క లెక్కలే కదా నాయనా! మళ్ళీ పరీక్షకు కట్టు. రోజూ సాయంత్రం మా ఇంటికి రా, కూర్చుని చేద్దాం" అన్నాడు ఎదురింటి తాతయ్య. స్నేహితుడు చెడ్డవాడు కాడు. కుట్టుపని తక్కువ పనీ కాదు. కాని చదువు ముగించినవాడు తరువాతనైనా కుట్టుపని నేర్చుకోగలడు. చదువు మానినవాడు తిరిగి బడిలో అడుగుపెట్టడం కష్టం. మంచి సలహా ముందున్న దారులను మూసివేయదు.

హితవు మాటల్లోనే ఉండనక్కరలేదు. పెద్దల నడవడి కూడా హితవు చెబుతుంది. దీనికి బళ్లారి రాఘవ జీవితమే నిదర్శనం. ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880లో తాడిపత్రిలో జన్మించాడు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). బళ్లారిలో న్యాయవాదిగా ఉంటూనే అనేక నాటకాలు రచించి, సరస వినోదిని సభను స్థాపించి, 'ఆంధ్ర నాటక పితామహుడు' అనిపించుకొన్నాడు. అదే ఊరిలో మరొక న్యాయవాది కోలాచలం శ్రీనివాసరావు (1854-1919) కూడా నాటకకర్తే. వృత్తినీ కళనూ కలిపి సాధించవచ్చునని ఈ పెద్దల బ్రతుకులే చూపాయి. రాఘవ కూడా న్యాయశాస్త్రం చదివి బళ్లారిలో న్యాయవాది అయ్యాడు, గొప్ప నటుడూ అయ్యాడు.

అయితే పెద్దల బాటలో నడవడమంటే వారిని అనుకరించడం కాదు. ధర్మవరంవారి నాటకాలలో పాటలకు, పద్యాలకు పెద్దపీట ఉండేది. రాఘవ రాగాలాపన తగ్గించి సహజమైన నటనకు ప్రాధాన్యమిచ్చాడు. కుటుంబ స్త్రీలు రంగస్థలం ఎక్కరాదని లోకం చెప్పే రోజులవి. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని ఆయన వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారిని ప్రోత్సహించాడు. పదిమంది చెప్పినంత మాత్రాన ఒక మాట హితవు అయిపోదు. "తెలుగులో చదివితే ఏం లాభం?" అనే మాట సరిహద్దు జిల్లాల పిల్లలకు కొత్త కాదు. రాఘవ తెలుగుతోపాటు కన్నడ, ఆంగ్ల భాషలలోనూ నటించాడు. మాతృభాష ఆయనకు అడ్డు రాలేదు.

ఆ మేనమామ రచించిన ప్రసిద్ధ నాటకం 'విషాద సారంగధర'. సారంగధరుని కథ తెలుగువారికి చిరకాలంగా తెలిసినదే. ఎగిరిపోయిన పావురం కోసం రాజకుమారుడు సవతి తల్లి చిత్రాంగి మందిరానికి వెళ్ళబోతాడు. మంత్రికుమారుడైన సుబుద్ధి వద్దని వారిస్తాడు. సారంగధరుడు వినడు. తరువాత చిత్రాంగి అతనిపై నింద మోపుతుంది. రాజు విచారించకుండా నమ్మి కుమారునికి ఘోరమైన శిక్ష విధిస్తాడు. మిత్రుని హితవు వినకపోవడం కుమారుని తొందరపాటు. విన్నదంతా నిజమనుకోవడం తండ్రి తొందరపాటు. వీటిలో రెండవదే పెద్ద తప్పు. పిల్లల విషయంలో పెద్దలు కూడా విచారించి నడుచుకోవాలి.

మరి సలహాను ఎలా పరీక్షించాలి? మొదట, దానివల్ల మేలు ఎవరికో చూడాలి. రెండవది, చెప్పేవారికి ఆ సంగతి తెలుసునా అని ఆలోచించాలి. ప్రేమ ఉన్నంత మాత్రాన తెలివిడి ఉండకపోవచ్చు. మూడవది, "ఇప్పుడే చెయ్యి, ఎవరికీ చెప్పకు" అనే మాట వినబడగానే జాగ్రత్తపడాలి. నిజమైన హితవు ఆలోచించడానికి వ్యవధి ఇస్తుంది. పదిమందిని అడిగి తెలుసుకోమంటుంది.

ఆ బాలుడు రాత్రి ఇంట్లో రెండు మాటలూ చెప్పి, అందరితో ఆలోచించి, మళ్ళీ పరీక్షకు కట్టాడనుకొందాం. తాతయ్య లెక్కలు చెప్పగలడు. పరీక్ష మాత్రం బాలుడే రాయాలి. హితవు చెప్పడం పెద్దల వంతు. దానిని ఎంచుకొని, కష్టపడి ఫలితం సాధించడం పిల్లల వంతు.