చెలక నేలల తోటలకు ముళ్ళకిరీటం: అనుకూలత, పరిమితులు

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 600 మి.మీ. మాత్రమే. ప్రస్తుతం వనపర్తి జిల్లాలో ఉన్న పెద్దమందడి మండలం ఈ వర్షాభావ ప్రాంతంలోనిదే. ఇటువంటి చోట ఇంటి ముంగిట గులాబీ, చామంతి పెంచాలన్నా వేసవిలో నీటి కొరత అడ్డుపడుతుంది. మండల పరిధిలోని మోజెర్లలోనే ఉద్యాన కళాశాల ఉన్నందున, తక్కువ నీటితో పూచే మొక్కలను గురించిన ప్రశ్నలు విద్యార్థులకూ విస్తరణ శాస్త్రవేత్తలకూ తరచుగా ఎదురయ్యేవే. అందుకు తగిన మొక్కలలో ముళ్ళకిరీటం ఒకటి. నర్సరీలలో దీనిని యుఫోర్బియా అనే పిలుస్తారు.

దీని శాస్త్రీయ నామం యుఫోర్బియా మిలీ. జన్మస్థలం మడగాస్కర్ ద్వీపం. బోర్బన్ ద్వీపానికి, అనగా నేటి రీయూనియన్‌కు, గవర్నరుగా ఉన్న బారన్ మిలియస్ 1821లో దీనిని ఫ్రాన్సుకు చేర్చినందున జాతికి ఆయన పేరు వచ్చింది. 1826లో దే మూలాఁ దీనిని శాస్త్రీయంగా వర్ణించాడు. మడగాస్కర్‌లో ఇది రాతి గుట్టలపై, మట్టి అంతగా లేని పగుళ్ళలో పెరుగుతుంది. పాలమూరు గుట్టలను ఎరిగినవారికి ఆ పరిసరాలను ఊహించుకోవడం కష్టం కాదు.

తెలుగు రైతుకు ఈ మొక్క పూర్తిగా పరాయిది కూడా కాదు. చేల గట్లపై కంచెగా పెరిగే బొంతజెముడు, ఆకుజెముడు, కాడజెముడు ఇదే యుఫోర్బియా ప్రజాతికి చెందినవి. ఆముదం ఇదే కుటుంబంలోని పంట. నాగజెముడు మాత్రం పేరులో జెముడు ఉన్నా కాక్టస్ కుటుంబానికి చెందినది. ముళ్ళకిరీటాన్ని గులాబీలా కాక జెముడులా చూసుకోవాలి. ఈ ఒక్క విషయం బోధపడితే దీని సాగులో సగం తెలిసినట్లే. ఎండకు చచ్చే మొక్కల కంటే ప్రేమతో రోజూ పోసే నీటికి వేరుకుళ్ళుతో చచ్చేవే ఎక్కువ.

కాండం రసభరితమై నీటిని నిల్వ చేసుకుంటుంది. ముళ్ళు పత్రపుచ్ఛాల రూపాంతరాలు, 3 సెం.మీ. వరకు పెరుగుతాయి. ఎర్రగా, గులాబీ రంగులో లేదా పసుపుగా కనిపించే జంట రేకులు నిజానికి ఆకర్షక పత్రాలకు చెందిన పుష్పపుచ్ఛాలు. వాటి నడుమ ఉండే సయాథియం అనే చిన్న గిన్నెలో ఒక స్త్రీ పుష్పం, దాని చుట్టూ ఒక్కొక్క కేసరం మాత్రమే గల పురుష పుష్పాలు, అంచున మకరంద గ్రంథులు ఉంటాయి. పుష్పపుచ్ఛాలు త్వరగా వాడిపోవు కనుకనే మొక్క వారాల తరబడి పూచినట్లే కనిపిస్తుంది. ఆకులు కొత్త చిగురుపైనే వస్తాయి. నీటి ఎద్దడిలో రాలిపోతాయి. రాలిన చోట మళ్ళీ మొలవవు. వేసవిలో బోసిగా మారిన కొమ్మను చూసి మొక్క చచ్చిందని పీకివేయరాదు. కొన భాగాలను కత్తిరిస్తే పక్క కొమ్మలు వచ్చి, వాటిపై ఆకులూ పూలూ వస్తాయి.

ప్రవర్ధనం కొమ్మ ముక్కలతో సులభం. 8-10 సెం.మీ. పొడవు గల కొన ముక్కను కోసి, కారే పాలను చల్లటి నీటితో కడిగి, నీడలో మూడు నుండి ఐదు రోజులు ఆరనిచ్చి గాయం మానిన తరువాతనే నాటాలి. పచ్చి గాయంతో నాటితే కుళ్ళు తప్పదు. ఎర్రమట్టి, ముతక ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపిన మిశ్రమం సరిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాటితే వానలు మొదలయ్యే లోపు వేళ్ళు పట్టుకుంటాయి. మట్టి పూర్తిగా ఆరిన తరువాతనే మళ్ళీ తడి ఇవ్వాలి. రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ లేనిచో పూత తగ్గుతుంది. చెలక నేలలో నేరుగా నాటవచ్చు. రేగడిలో మాత్రం మొరం, ఇసుక కలిపిన ఎత్తైన మడి తప్పనిసరి.

కంచె వరుసలో 30-45 సెం.మీ. ఎడం చాలును. పొట్టి కంచెలకు, రాతి తోటలకు, కుండీలకు, మిద్దె తోటలకు ఇది అనుకూలం. పొలం కంచెగా బొంతజెముడుకు సాటి రాదు. ఎత్తు సాధారణంగా ఒకటిన్నర మీటరు మించదు. పెద్ద పూలనిచ్చే థాయిలాండ్ సంకరాలు అందంగా ఉన్నా, మొరటుతనంలో పాత ఎర్రపూల రకానికి సరితూగవు. ఈ ప్రాంతంలో తొలిసారి పెంచేవారికి ఎర్ర రకాన్నే సూచించడం మేలు.

సిఫారసు చేసేటప్పుడు దాచరాని విషయం దీని పాలు. వాటిలోని డైటర్పీన్ ఎస్టర్లు చర్మాన్ని మండిస్తాయి. కంటిలో పడితే తీవ్రమైన వాపు కలుగుతుంది. ఇదే పాలను బ్రెజిల్‌లో షిస్టోసోమియాసిస్ వ్యాధిని వ్యాపింపజేసే నత్తల నివారణకు పరీక్షించారన్నది దాని తీవ్రతకు నిదర్శనం. కత్తిరింపు సమయంలో చేతికి తొడుగులు, కంటికి అద్దాలు ఉండాలి. కంటిలో పడితే కనీసం పదిహేను నిమిషాలు శుభ్రమైన నీటితో కడిగి వైద్యుని వద్దకు వెళ్ళాలి. కోసిన కొమ్మలను చేపల చెరువులో వేయరాదు. అంగన్‌వాడీ, ప్రాథమిక పాఠశాలల ఆటస్థలం అంచున దీనిని నాటమనడం సరికాదు. అదే పాఠశాలలో పిల్లలు చేరని ప్రహరీ వెంట నాటితే అభ్యంతరం లేదు.

చీడలలో పిండినల్లి ప్రధానం. కొమ్మల సందులలో తెల్లగా కనిపించగానే తడి గుడ్డతో తుడిచి, వేపనూనె పిచికారీ చేస్తే తొలి దశలో అదుపులోకి వస్తుంది. ఆముదం పండించే ఊళ్ళలో మరొక చీడపైనా కన్ను వేయాలి. ఆముదపు దాసరిపురుగు హవాయి దీవులలో ఈ మొక్కను కూడా ఆశిస్తుంది. పాలమూరులో ఆముదం పాత పంట. పాలెం పరిశోధనా స్థానం దానిపై కూడా పనిచేస్తూ వచ్చింది. కనుక ఆముదపు చేను పక్క ఇళ్ళలో ముళ్ళకిరీటం ఆకులు కొరికినట్లు కనిపిస్తే, ఆకుల అడుగున గొంగళిపురుగు కోసం వెదకి, దొరికిన వాటిని ఏరివేయాలి.