రూ.5 టికెట్.. ముప్పావు గంట వెయిటింగ్! ఎంఎంటీఎస్ టైమ్‌కి ఎందుకు రాదు? అసలు ఈ రైలు ఎలా నడుస్తుందో తెలుసా?

హైదరాబాద్‌లో ఐదు రూపాయలకు ఏమొస్తుంది? ఇరానీ హోటల్‌లో హాఫ్ చాయ్ కూడా రాదు. షేర్ ఆటో ఎక్కి కూర్చుంటే పది రూపాయలు అడుగుతారు. మెట్రో గేటు దాటాలంటే కనీసం 11 రూపాయలు. కానీ ఈ నగరంలో ఇప్పటికీ ఐదు రూపాయల టికెట్‌తో ఎక్కే బండి ఒకటుంది. అదే ఎంఎంటీఎస్. లింగంపల్లి నుంచి ఫలక్‌నుమా దాకా, అంటే నగరం ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లినా సెకండ్ క్లాస్ టికెట్ 15 రూపాయలే. 2025 జూలైలో రైల్వే ఛార్జీలు పెంచినప్పుడు కూడా సబర్బన్ టికెట్ల జోలికి పోలేదు.

మరి ఇంత చవకైన బండి ఉండగా జనం రెండు వందలు పెట్టి క్యాబ్ ఎందుకు బుక్ చేస్తున్నారు? హైటెక్ సిటీ స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద సాయంత్రం ఆరింటికి నిలబడి చూస్తే సమాధానం దొరుకుతుంది. బండి ఎప్పుడొస్తుందో ఎవరికీ గ్యారెంటీ లేదు. ఒకటి పోతే ఇంకోటి అరగంటకా, ముప్పావు గంటకా అన్నది ఆ రోజు అదృష్టం. ఈలోగా పక్క నుంచి ముంబై వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ హారన్ కొట్టుకుంటూ దూసుకుపోతుంది. ఎంఎంటీఎస్ సమస్య మొత్తం ఆ ఒక్క సీన్‌లోనే ఉంది. అదెలాగో చూద్దాం.

మెట్రోకి సొంత ఇల్లు.. ఎంఎంటీఎస్‌కి అద్దె ఇల్లు!

చాలామంది ఎంఎంటీఎస్, మెట్రో రెండూ ఒకే రకం అనుకుంటారు. కాదు. మెట్రోకి పిల్లర్ల మీద సొంత పట్టాలున్నాయి. ఆ పట్టాల మీద మెట్రో తప్ప ఇంకో బండి రాదు. అందుకే నాలుగైదు నిమిషాలకొకటి నడపగలుగుతున్నారు.

ఎంఎంటీఎస్ అలా కాదు. ఇది సౌత్ సెంట్రల్ రైల్వే పట్టాల మీదే నడుస్తుంది. అవే పట్టాల మీద సూపర్‌ఫాస్ట్‌లు వస్తాయి, ప్యాసింజర్లు వస్తాయి, బొగ్గు, సిమెంట్ మోసే గూడ్స్ బండ్లూ వస్తాయి. సికింద్రాబాద్ నుంచి లింగంపల్లి వరకు ఉన్నది పోయేందుకు ఒక లైను, వచ్చేందుకు ఒక లైను. అంతే. వికారాబాద్, వాడి మీదుగా ముంబై, బెంగళూరు వైపు వెళ్లే రైళ్లన్నీ ఆ రెండు పట్టాల మీదే పోవాలి.

ముందున్న బండి తన సెక్షన్ దాటితే గానీ వెనకున్న బండికి సిగ్నల్ పడదు. ఎంఎంటీఎస్ రెండు కిలోమీటర్లకొకసారి ఆగుతుంది. దాని వెనకే ఒక ఎక్స్‌ప్రెస్ వస్తోందనుకోండి, కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లు ఏం చేయాలి? వెయ్యి కిలోమీటర్ల నుంచి వస్తున్న బండిని ఆపాలా, బేగంపేట దాకా వెళ్లే లోకల్‌ని ఆపాలా? ఎక్కువసార్లు ఆగేది లోకలే. ఎక్స్‌ప్రెస్ రెండు గంటలు లేటుగా వచ్చిన రోజున ఆ లేటు భారం కూడా లోకల్ ప్యాసింజర్ మీదే పడుతుంది. ఎందుకంటే ఆ ఎక్స్‌ప్రెస్ తనకు కేటాయించిన టైమ్‌లో కాకుండా, సరిగ్గా ఆఫీసులు వదిలే టైమ్‌లో నగరంలోకి వస్తుంది.

ముంబైలో, చెన్నైలో మూడు నాలుగు నిమిషాలకొక లోకల్ నడుస్తోంది కదా అనొచ్చు. అక్కడ లోకల్ రైళ్లకు వేరే లైన్లున్నాయి. ముంబైలో 1925లోనే కరెంటు లోకల్ మొదలైంది. చెన్నైలో బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా 1931లో వచ్చింది. ఆ నగరాలు లోకల్ రైలు చుట్టూ పెరిగాయి. హైదరాబాద్ మాత్రం ముందు పెరిగిపోయి, తర్వాత రైలు కోసం వెతుక్కుంది. తేడా అక్కడే వచ్చింది.

178 కోట్లతో మొదలైన బండి

2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ ఎంఎంటీఎస్‌ను ప్రారంభించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రైల్వే శాఖ చెరి సగం పెట్టుకున్నాయి. మొదటి దశకు అయిన ఖర్చు దాదాపు 178 కోట్లు. కొత్తగా భూమి కొనలేదు, ఫ్లైఓవర్లు కట్టలేదు. ఉన్న పట్టాలకే స్టేషన్లు, ప్లాట్‌ఫామ్‌లు, సిగ్నళ్లు సమకూర్చి బండ్లు దించారు. ఇందుకే అంత చవకలో అయిపోయింది. పోల్చి చూడాలంటే, హైదరాబాద్ మెట్రో మొదటి దశకు వేసిన తొలి అంచనాయే 14,132 కోట్లు.

కానీ చవకగా కట్టడానికి ఏది కారణమో, లేటుగా నడవడానికీ అదే కారణం. పట్టాలు పంచుకున్నాం కాబట్టి ఖర్చు తగ్గింది. పంచుకున్నాం కాబట్టే వెయిటింగ్ పెరిగింది.

అయినా జనం ఆదరించారు. కోవిడ్‌కు ముందు రోజుకు 121 సర్వీసులు నడిచేవి. లక్షన్నర మంది దాకా ఎక్కేవారు. యాకుత్‌పురా, ఉప్పుగూడ, డబీర్‌పురా లాంటి పాతబస్తీ స్టేషన్లలో ఎక్కి బేగంపేటలో, హైటెక్ సిటీలో పనికి వెళ్లేవాళ్లు, ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగే ఉస్మానియా విద్యార్థులు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, సెక్యూరిటీ గార్డులు.. ఈ బండి ప్రధానంగా వీళ్లది. నెల పాస్ తీసుకుంటే రోజు ఖర్చు ఇంకా తగ్గుతుంది. నెలకు పదిహేను వేలు సంపాదించే మనిషికి రోజూ వంద రూపాయలు దారిలో పోతే ఎంత తేడానో లెక్కేసుకోండి.

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో బండ్లు ఆగాయి. మళ్లీ పట్టాలెక్కింది 2021 జూన్ 23న, అదీ పది సర్వీసులతో. ఏడాదికి పైగా బండి లేకపోతే జనం ఏం చేస్తారు? బైక్ కొనుక్కున్నారు, మెట్రోకి అలవాటు పడ్డారు, కొందరు ఇల్లే మారిపోయారు. సర్వీసులు మెల్లగా పెంచినా పాత సంఖ్యకు మళ్లీ చేరలేదు. బండ్లు తక్కువని జనం ఎక్కరు, జనం లేరని బండ్లు పెంచరు. ఈ చక్రం నుంచి బయటపడాలంటే ముందడుగు వేయాల్సింది రైల్వేనే తప్ప ప్రయాణికుడు కాదు.

ఈ రైలుకు ఇంజిన్ ఏది?

ఎంఎంటీఎస్ వస్తుంటే గమనించారా? ముందు వేరే ఇంజిన్ ఉండదు. దీన్ని ఈఎంయూ అంటారు. తమిళనాడులోని పెరంబూర్ ఐసీఎఫ్‌లో ఈ రకం బండ్లు తయారవుతాయి. మామూలు రైల్లో ఒక ఇంజిన్ మిగతా పెట్టెలన్నింటినీ లాగుతుంది. ఈఎంయూలో పెట్టెల మధ్యలోనే మోటార్లుంటాయి. మూడు పెట్టెలు ఒక యూనిట్. అందులో ఒకటి మోటార్ కోచ్, రెండు ట్రైలర్లు. పన్నెండు పెట్టెల బండిలో నాలుగు మోటార్ కోచ్‌లుంటాయి. ఒక్కోదానికి నాలుగు మోటార్లు. మొత్తం పదహారు మోటార్లు ఒకేసారి తోస్తాయన్నమాట.

దీనివల్ల లాభం ఏంటి? బండి ఆగిన చోటు నుంచి వెంటనే వేగం అందుకుంటుంది. లోకల్‌కి కావాల్సింది గంటకు 130 కిలోమీటర్ల వేగం కాదు. ఆగడం, కదలడం.. ఈ రెండూ త్వరగా అయిపోవాలి. ఇంకోటి, రెండు చివర్లా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది. ఫలక్‌నుమా చేరాక ఇంజిన్ విప్పి అటు తిప్పి తగిలించే పని లేదు. లోకో పైలట్ ఈ చివర దిగి ఆ చివర ఎక్కితే చాలు, బండి తిరుగు ప్రయాణానికి రెడీ.

పైన తీగలో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది. బండి నెత్తి మీద చెయ్యి చాచినట్టు కనిపించే పాంటోగ్రాఫ్ దాన్ని అందుకుంటుంది. ఇప్పుడొస్తున్న త్రీఫేజ్ రేకుల్లో ఒక మంచి ఏర్పాటుంది. బ్రేక్ వేసినప్పుడు మోటారే జనరేటర్‌లా మారి కరెంటు పుట్టించి తిరిగి తీగలోకి పంపిస్తుంది. పది నిమిషాల్లో మూడు నాలుగు సార్లు బ్రేక్ వేసే బండికి ఇది చిన్న పొదుపేమీ కాదు.

లోపల ఏసీ ఉండదు, ఫ్యాన్లే. టాయిలెట్ ఉండదు. లేడీస్ కోచ్‌లు వేరుగా ఉంటాయి. తలుపులు మాత్రం తెరిచే ఉంటాయి. గాలి బాగా వస్తుందని ఫుట్‌బోర్డు మీద నిలబడే కుర్రాళ్లకు ఒక మాట.. 2025 జూన్ 9న ముంబై దగ్గర ముంబ్రాలో ఇలాగే డోర్ దగ్గర వేలాడుతున్నవాళ్లు కదులుతున్న లోకల్ నుంచి పట్టాల మీద పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే ముంబైకి కొత్తగా తయారయ్యే లోకల్స్‌కు ఆటోమేటిక్ డోర్లు పెడతామని రైల్వే ప్రకటించింది.

హైదరాబాద్‌లో ప్రమాదమే జరగలేదా అంటే, జరిగింది. 2019 నవంబర్ 11 ఉదయం కాచిగూడ స్టేషన్ దగ్గర ఎంఎంటీఎస్, కర్నూలు నుంచి వస్తున్న హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఢీకొన్నాయి. నలిగిపోయిన క్యాబిన్‌లో ఎంఎంటీఎస్ లోకో పైలట్ గంటల తరబడి ఇరుక్కుపోయారు. ఆక్సిజన్ అందిస్తూ, ఇనుము కోసి బయటికి తీశారు. కొద్ది రోజులకే ఆస్పత్రిలో చనిపోయారు. లోకల్, ఎక్స్‌ప్రెస్ ఒకే పట్టాలు పంచుకునే చోట ఒక్క సిగ్నల్ తేడా వస్తే ఏమవుతుందో ఆ ఉదయం నగరం మొత్తం టీవీల్లో చూసింది.

రెండో దశ ఎందుకంత లేటయింది?

రెండో దశకు 2012-13లో ఓకే చెప్పారు. అంచనా 816 కోట్లు. ఈసారి లెక్క మారింది. రాష్ట్రం వాటా మూడింట రెండొంతులు, రైల్వేది ఒక వంతు. మేడ్చల్, ఘట్‌కేసర్, ఉందానగర్, రామచంద్రాపురం.. ఇలా నాలుగు వైపులా విస్తరించాలన్నది ప్లాన్. నిజానికి ఇళ్ల ధరలు అందక జనం నగరం బయటికి తరలిపోతున్న దారులే ఇవి.

పని మాత్రం నత్తనడక నడిచింది. రాష్ట్రం వాటా సకాలంలో రావడం లేదని రైల్వే వాదన. ఈలోగా అంచనా వ్యయం పెరిగింది. మౌలాలి - సనత్‌నగర్ మధ్య లైను రక్షణ శాఖ భూముల గుండా పోవడంతో అక్కడ అనుమతుల దగ్గర ఏళ్లు గడిచాయి. ఎయిర్‌పోర్టు లోపలిదాకా వెళ్తుందనుకున్న బండి ఉందానగర్‌లోనే ఆగిపోయింది. అక్కడ దిగి సూట్‌కేసు పట్టుకుని మళ్లీ ఆటో వెతుక్కోవాలి. అలాంటప్పుడు ఫ్లైట్ ఎక్కేవాడు ఎంఎంటీఎస్ ఎందుకు ఎక్కుతాడు?

ఎట్టకేలకు 2023 ఏప్రిల్ 8న ప్రధాని మోదీ సికింద్రాబాద్‌లో 13 కొత్త సర్వీసులకు జెండా ఊపారు. మేడ్చల్, ఉందానగర్ వైపు బండ్లు మొదలయ్యాయి. 2024 మార్చి 5న సంగారెడ్డి సభ నుంచి ఘట్‌కేసర్ - లింగంపల్లి బండిని ప్రారంభించారు. ఇది సికింద్రాబాద్ వెళ్లకుండా మౌలాలి, సనత్‌నగర్ మీదుగా పోతుంది. ఈ దారిలో నేరేడ్‌మెట్, అమ్ముగూడ, భూదేవినగర్, సుచిత్ర, ఫిరోజ్‌గూడ లాంటి స్టేషన్లున్నాయి. సుచిత్ర జంక్షన్ ట్రాఫిక్‌లో రోజూ ఇరుక్కునేవాళ్లకు పక్కనే రైలు స్టేషన్ ఉందన్న సంగతి చాలామందికి ఇప్పటికీ తెలీదు. తెలిసినా, రోజుకు ఒకటో రెండో బండ్లుంటే ఆఫీస్ టైమ్ దానికి సరిపడాలిగా!

ఇక మార్పు వస్తే ఎక్కడి నుంచి?

అసలు ముడి సికింద్రాబాద్ స్టేషన్‌లో ఉంది. కాజీపేట వైపు లైను, కాచిగూడ మీదుగా మహబూబ్‌నగర్ వైపు లైను, మేడ్చల్ మీదుగా నిజామాబాద్ లైను, వాడి లైను అన్నీ ఇక్కడికే వచ్చి కలుస్తాయి. ప్లాట్‌ఫామ్ ఖాళీ అయ్యేదాకా బండ్లు బయటే నిలబడతాయి. ఎంఎంటీఎస్‌లో కూర్చుని జేమ్స్ స్ట్రీట్ దాటాక పావుగంట ఎదురుచూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

అందుకే చర్లపల్లి టెర్మినల్ మీద ఆశ. 2025 జనవరి 6న ఇది మొదలైంది. దూర ప్రాంత రైళ్లు కొన్ని అక్కడికే మారుతున్నాయి. ఒక్కో ఎక్స్‌ప్రెస్ అటు మారితే, నగరం మధ్యలో ఒక లోకల్‌కి దారి దొరుకుతుందని అనుకోవచ్చు. అయితే ఆ ఖాళీ లోకల్‌కే ఇస్తారా, ఇంకో ఎక్స్‌ప్రెస్‌కి ఇస్తారా అన్నది టైమ్‌టేబుల్ వేసేవాళ్ల చేతిలో ఉంది. మౌలాలి - ఘట్‌కేసర్ మధ్య మాత్రం రెండు లైన్లు అదనంగా వేసి నాలుగు చేశారు కాబట్టి, ముంబై తరహాలో లోకల్‌కి వేరు దారి ఉండే అవకాశం ఆ వైపే ఎక్కువ. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రి దగ్గరి రాయగిరి దాకా 33 కిలోమీటర్ల పొడిగింపు కూడా ఎన్నాళ్లుగానో వింటున్నదే.

ఇంకో చిక్కు స్టేషన్ బయట ఉంది. ఎంఎంటీఎస్ అంటే మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్. అంటే రైలు దిగగానే బస్సు దొరకాలి. కానీ హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగినవాళ్లు ఆఫీసుకు చేరాలంటే ఇంకో రెండు మూడు కిలోమీటర్లు పోవాలి. ఐదు రూపాయలకు రైలెక్కి, ఆఖరి రెండు కిలోమీటర్లకు ఇరవై ముప్పై ఇచ్చుకోవాలి. మలక్‌పేట, బేగంపేట, భరత్‌నగర్, లక్డీకాపూల్‌లలో మెట్రో స్టేషన్ కూతవేటు దూరంలోనే ఉంది. అయినా టికెట్ వేరు, టైమింగ్ వేరు. రెండింటినీ కలిపే ఒకే కార్డు వస్తే చాలామంది దారి మార్చుకుంటారన్నది మా అంచనా.

అంతవరకు ఎంఎంటీఎస్ ఎక్కేవాళ్లకు పనికొచ్చే చిట్కా ఒకటే. ప్లాట్‌ఫామ్ మీదకు వెళ్లి ఎదురుచూడకండి. ఇంటి దగ్గరే ఫోన్‌లో బండి ఎక్కడుందో చూసుకుని బయల్దేరండి. టికెట్ కూడా రైల్వే యాప్‌లోనే తీసుకోవచ్చు, క్యూలో నిలబడక్కర్లేదు. బండి లింగంపల్లిలో కదిలిందని చూపిస్తే హైటెక్ సిటీలో ఉన్నవాళ్లు అప్పుడు లేచినా సరిపోతుంది. చందానగర్, హఫీజ్‌పేట దాటి రావాలిగా!