మేధ్యౌషధములు: విశ్వాసము, పరీక్ష

వార్ధక్యమున బుద్ధి మందగింపకుండ కాపాడుకొనవలెనను కోరిక మన దేశమున నేడు పుట్టినది కాదు. చరకసంహితలోని రసాయన ప్రకరణమున మండూకపర్ణి స్వరసము, పాలతో సేవింపదగిన యష్టిమధు చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము అను నాలుగును మేధ్యరసాయనములుగా చెప్పబడి, వానిలో శంఖపుష్పికి విశేషస్థాన మీయబడినది. మండూకపర్ణియే మన తెలుగునాట సరస్వతియాకు. పిల్లలకు చదువు వచ్చునని తల్లులు దానిని నూరి తినిపించుట చిరకాలముగా నున్న యాచారము.

బ్రాహ్మి యను పేరుతో ఈ సరస్వతియాకును, చెమ్మనేలపై ప్రాకుచు దళసరి చిఱుటాకులును లేతయూదా పూలును గల నీటిబ్రాహ్మియును గూడ అంగళ్లలో అమ్మబడుచున్నవి గాని, ఇవి వేర్వేఱు కుటుంబముల మొక్కలు. ఒకదానిపై జరిగిన పరీక్షను మఱియొకదానికి అన్వయించుట తగదు. లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనాసంస్థవారు శ్రద్ధతో పరిశోధించినది నీటిబ్రాహ్మిని, అందలి బాకోసైడులను. ఆరోగ్యవంతులకు దినమునకు 300 మిల్లీగ్రాముల సారమును 12 వారము లిచ్చి చూచిన కొన్ని పరీక్షలలో, నేర్చినదానిని జ్ఞప్తియం దుంచుకొనుటలో కొంత మేలు కనబడినది. కొందఱికి వికారము, విరేచనములును కలిగినవి. అయితే ఈ పరీక్షలు చిన్నవి. ఆల్జ్‌హైమర్ వ్యాధిని ఇది నివారించునని గాని, మాన్పునని గాని ఇంతవరకు రుజువు కాలేదు.

ఓషధినుండి నేటి వైద్యము మెచ్చు మందు పుట్టదా యన్నచో, పుట్టును. కాకసస్ పర్వతప్రాంతపు స్నోడ్రాప్ అను దుంపమొక్కనుండి 1950 దశకమున వేఱుచేయబడిన గాలంటమిన్, మెదడులో జ్ఞాపకమునకు ముఖ్యమైన అసిటైల్‌కోలిన్ విచ్ఛిన్నమగుటను తగ్గించునని తెలిసి, మోతాదును గుణదోషములును నిర్ణయింపబడిన పిమ్మట, 2001లో ఆల్జ్‌హైమర్ వ్యాధికి మందుగా అమెరికాలో అంగీకారము పొందినది; అదియు లక్షణములను కొంతకాలము తగ్గించునే గాని వ్యాధిని నిర్మూలింపదు. ప్రపంచమెల్ల కొనియాడిన గింకో ఆకుసారమునో, 75 ఏండ్లును ఆపైబడిన వయస్సును గల 3069 మందితో సుమారు ఆరేండ్లు పరీక్ష సాగింపగా, అది మతిమఱుపు వ్యాధిని ఆపజాలదని 2008లో తేలినది. కావున ప్రాచీనత గాని ప్రఖ్యాతి గాని పరీక్షకు బదులు కాజాలవు. పరీక్షింపకయే త్రోసిపుచ్చుటయు శాస్త్రదృష్టి కాదు.

ఇంటిలోని పెద్దలు అలవాటైన వీథిలో త్రోవ తప్పుచున్నను, పైకము లెక్కపెట్టుకొనలేకున్నను, ముందుగా వైద్యునికి చూపవలెను. థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ లోపము, మనోవ్యాకులత మున్నగునవి కూడ విస్మృతికి కారణములు కావచ్చును. వీనికి చికిత్స కలదు, ఆకుపసరులతో కాలము పుచ్చినచో ఆ యవకాశము చేజాఱును. రక్తమును పలుచబఱచు మందులు వాడువారు గింకోను సేవించినచో రక్తస్రావభయము కలదు గనుక, వాడుచున్న ప్రతి మూలికను గూర్చి వైద్యునికి దాచక చెప్పుడు. సరస్వతియాకు పచ్చడిని ప్రీతితో తినుడు. రోగమునకు మాత్రము మొదట నిర్ణయము, పిదప ఔషధము.